కుదుపుకు కళ్ళెం: పికప్ ట్రక్కుకు షాక్ అబ్సార్బర్ల ఎంపిక

అమెరికాలోని తెలుగువారి ఇళ్ళ ముందు పికప్ ట్రక్కు కనిపించడం ఇప్పుడు వింత కాదు. సోమవారం నుండి శుక్రవారం దాకా అది ఒక్క మనిషిని ఉద్యోగానికి చేర్చే కారు. వెనుక తొట్టి ఖాళీ. శనివారం వచ్చేసరికి అదే వాహనం ఉగాది సభకు బియ్యం బస్తాలను, గుండిగలను, వేదిక సామగ్రిని మోసే బండి అవుతుంది. వేసవి సెలవులలో పిల్లలను ఎక్కించుకుని, వెనుక ట్రెయిలర్ తగిలించుకుని వందల మైళ్ళు పోతుంది. ఈ అన్ని అవస్థలలోను చక్రాలను నేలకు అంటిపెట్టి ఉంచే బాధ్యత నాలుగు నూనె గొట్టాల మీద ఉన్నది. అవే షాక్ అబ్సార్బర్లు.

అవి అరిగి, కొత్తవి కొనవలసి వచ్చినప్పుడు గృహస్థుకు చిక్కు మొదలవుతుంది. ఒకే ట్రక్కుకు దుకాణంలో ఎనిమిది, పది రకాలు చూపిస్తారు. డబ్బాల మీద 'హెవీ డ్యూటీ', 'గ్యాస్', 'టోయింగ్', 'ఆఫ్ రోడ్' అనే మాటలు పెద్ద అక్షరాలలో ఉంటాయి. కొనేవారి మనసులో అప్పటికే రెండు అభిప్రాయాలు స్థిరపడి ఉంటాయి. ఒకటి, షాక్ ఎంత గట్టిదైతే ట్రక్కు అంత బరువు మోస్తుందని. రెండవది, గ్యాస్ రకం వచ్చిన తరువాత నూనె రకానికి కాలం చెల్లిందని. మొదటిది ప్రమాదకరమైన పొరపాటు. రెండవది రసాయనశాస్త్రం తెలియకపోవడం వలన కలిగే హానిలేని భ్రమ.

బరువు మోసేది స్ప్రింగు. పికప్ ట్రక్కులలో అధికభాగానికి వెనుకవైపు ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి కట్టిన స్ప్రింగులు ఉంటాయి. మన లారీ మెకానిక్కులు కమాన్ కట్టలని పిలిచేవి ఇవే. పాతకాలపు జట్కా బండికి కూడా ఇటువంటి కమాన్లే ఉండేవి. గతుకు తగిలినప్పుడు దెబ్బను మొదట టైరు, తరువాత స్ప్రింగు తీసుకుంటాయి. అయితే స్ప్రింగుకు ఒక స్వభావం ఉన్నది: తీసుకున్న శక్తిని అది దాచుకోదు, తిరిగి ఇచ్చివేస్తుంది. నొక్కితే లేస్తుంది, లేచి మళ్ళీ కుంగుతుంది. జట్కా వేగానికి పట్టీల మధ్య రాపిడి ఒక్కటే ఆ ఊగిసలాటను అణచడానికి చాలింది. గంటకు డెబ్బై మైళ్ళ వేగానికి అది చాలదు. స్ప్రింగు తిరిగి ఇచ్చే శక్తిని హరించే సాధనం వేరే కావాలి. అందుచేత 'షాక్ అబ్సార్బర్' అన్న పేరే కొంత తప్పుదారి పట్టించేది. ఇది దెబ్బను పీల్చదు, దెబ్బ తరువాత వచ్చే ఊగిసలాటను అణచుతుంది. ఇంగ్లండులో వాడే 'డాంపర్' అన్న మాట దాని పనికి దగ్గరగా ఉంటుంది.

ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో ఈ పనికి రాపిడి బిళ్ళలే వాడేవారు. ఫ్రాన్సుకు చెందిన ట్రుఫో, అమెరికాకు చెందిన హార్ట్‌ఫర్డ్ పేర్లతో ప్రసిద్ధికెక్కిన పరికరం ఆ కోవకు చెందినదే. క్రమంగా నూనె రంగప్రవేశం చేసింది. 1927 చివరలో వెలువడిన ఫోర్డ్ 'మోడల్ ఏ' కారులో హూడే అనే ఫ్రెంచి పేరుగల నూనె షాకులు ఉండేవి. ఈనాటి గొట్టం ఆకారం ఆ తరువాత స్థిరపడింది.

దాని సూత్రం జంతికల గొట్టం పట్టిన చేతికి వెంటనే బోధపడుతుంది. పిండిని మెల్లగా నొక్కితే రంధ్రాలగుండా సులభంగా దిగుతుంది. తొందరపడి నొక్కితే చెయ్యి నొప్పిపుట్టేంతగా ఎదురుతిరుగుతుంది. (జంతికల పిండి ప్రవాహధర్మాలు నూనెవంటివి కావు, పోలిక ఇంతవరకే.) షాక్ లోపల నూనె నిండిన గొట్టం, అందులో చిన్న రంధ్రాలున్న పిస్టన్ ఉంటాయి. చక్రం లేచి పడుతుంటే పిస్టన్ నూనెలో ముందుకు వెనుకకు కదులుతుంది. రంధ్రాలగుండా దూరలేక దూరే నూనె గతిజశక్తిని ఉష్ణంగా మారుస్తుంది. షాక్ చేసే పని అంతా ఇదే. దాని మంచిచెడ్డలన్నీ, ఆ ఉష్ణాన్ని ఎంత నిలకడగా పుట్టించి, ఎంత త్వరగా వదిలించుకుంటుందనే దానిమీద ఆధారపడతాయి.

ఆ ఉష్ణం ఎంత? గరుకైన మట్టిరోడ్డు మీద పిస్టన్ సగటున సెకనుకు 30 సెంటీమీటర్ల వేగంతో, 1000 న్యూటన్ల నిరోధానికి ఎదురుగా, అంటే సుమారు వంద కిలోల బరువుకు సమానమైన బలానికి ఎదురుగా, కదులుతున్నదని అనుకుందాం. అప్పుడు ఒక్కొక్క షాక్‌లో పుట్టే ఉష్ణం 300 వాట్లు. లోపలి నూనె 300 మిల్లీలీటర్లు, చుట్టూ ఉన్న ఉక్కు రెండున్నర కిలోలు అనుకుంటే, వేడి బయటికి పోయే దారి లేనప్పుడు ఉష్ణోగ్రత నిమిషానికి 10 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా పెరుగుతుంది. గాలి తగిలి చల్లబడుతుంది గనుక నిజానికి అంత వేగంగా పెరగదు. అయినా మట్టిరోడ్డు మీద అరగంట నడిపిన ట్రక్కు షాకులను చేత్తో తాకరాదన్నది ఈ లెక్కలోనే ఉన్నది.

రంధ్రంగుండా వేగంగా పోయే ద్రవపు నిరోధం వేగపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లు. అందుచేత వట్టి రంధ్రాలే ఉన్న షాక్ మెల్లని ఊపుకు మరీ మెత్తగాను, హఠాత్తుగా వచ్చిన గుంటకు రాయిలాగాను ఉంటుంది. దీనికి విరుగుడుగా పిస్టన్‌కు పలుచని ఉక్కు బిళ్ళలతో కవాటాలు అమర్చుతారు. పీడనం హద్దు మీరితే ఆ బిళ్ళలు వంగి అదనపు దారి ఇస్తాయి. ఒకే ట్రక్కుకు సరిపడే రెండు షాకుల మధ్య అసలు తేడా రంగులో కాదు, ఈ బిళ్ళల మందంలోను అమరికలోను ఉంటుంది. ఇంకొక విశేషం: చక్రం పైకి లేచేటప్పటికంటె కిందికి దిగేటప్పుడు నిరోధం ఎక్కువగా ఉండేటట్లు వీటిని అమర్చుతారు. చక్రం లేవడానికి అడ్డుపడితే గతుకు సూటిగా మనుషులకు తగులుతుంది. కుంగిన స్ప్రింగు తిరిగి విచ్చుకునేటప్పుడు పట్టి ఉంచడమే ముఖ్యం.

షాక్ ఏకకాలంలో రెండు ఊగిసలాటలను అదుపు చేయాలి. ట్రక్కు శరీరం సెకనుకు ఒకటి రెండు సార్లు ఊగుతుంది. అది ప్రయాణికులకు తెలుస్తుంది. చక్రమూ ఇరుసూ కలిసి సెకనుకు పది పదిహేను సార్లు ఎగురుతాయి. అది కూర్చున్నవారికి అంతగా తెలియదు. కాని ప్రాణాపాయం ఈ రెండవదానిలోనే ఉన్నది. టైరు నేలను ఎంత బలంగా నొక్కితే అంత పట్టు. ఎగిరే చక్రం ఆ క్షణానికి బ్రేకుకూ స్టీరింగుకూ కూడా చెందదు. అరిగిన షాకులతో గరుకు రోడ్డు మీద బ్రేకు వేస్తే ట్రక్కు ఆగే దూరం పెరగడానికి కారణమిదే. బ్రేకులు ఎంత కొత్తవైనా చక్రం గాలిలో ఉన్నప్పుడు అవి చేయగలిగింది లేదు.

కారుకు షాక్ ఎంచడం సులభం, పికప్‌కు కష్టం. కారులో ఒకరున్నా నలుగురున్నా బరువులో మార్పు కొద్దిపాటిది. ట్రక్కు వెనుక స్ప్రింగుల మీద ఖాళీగా ఉన్నప్పుడు 700 కిలోలుంటే, తొట్టి నిండినప్పుడు 1400 కిలోలు కావచ్చు. ఊగిసలాటను అణచే సామర్థ్యాన్ని భౌతికశాస్త్రంలో అవరోధ నిష్పత్తి అంటారు. షాక్ అదే, స్ప్రింగు అదే అయినప్పుడు ఈ నిష్పత్తి బరువు వర్గమూలానికి విలోమంగా మారుతుంది. బరువు రెట్టింపైతే నిష్పత్తి దాదాపు 30 శాతం తగ్గుతుంది. నిండు బరువుకు సరిగ్గా అమర్చిన షాక్ ఖాళీ ట్రక్కుకు మరీ బిగువు. ఖాళీ ట్రక్కుకు హాయిగా ఉన్న షాక్ నిండు బరువుకు చాలదు. ఏ తయారీదారూ ఈ రెంటినీ పూర్తిగా తృప్తిపరచలేడు. కనుక కొనేవారు ముందుగా అడగవలసిన ప్రశ్న 'ఏది అన్నిటికంటె గట్టిది?' అన్నది కాదు. ఏడాదిలో ఎన్ని రోజులు తొట్టి ఖాళీగా ఉంటుంది, ఎన్ని రోజులు నిండుగా ఉంటుంది అన్నది.

మూడువందల రోజులు ఖాళీగా తిరిగే ట్రక్కుకు అతిబిగువు షాకులు బిగించినందువలన కలిగేది వెన్నునొప్పి మాత్రమే కాదు. వరుస గతుకుల మీద, ఒక గతుకుకూ మరొకదానికీ మధ్య చక్రం పూర్తిగా కిందికి దిగే వ్యవధి ఉండదు. తడిసిన మలుపులో, ముందే తేలికైన వెనుక భాగం పక్కకు జరగడానికి ఇది చాలు.

మరి బరువు సంగతి? డ్రైవరు తలుపు తెరిస్తే పక్కనున్న స్తంభం మీద ఒక చీటీ అతికించి ఉంటుంది. మనుషులూ సామానూ కలిసి ఎన్ని కిలోలు, ఎన్ని పౌండ్లు మించరాదో దానిపై ముద్రించి ఉంటుంది. ఏ షాక్ బిగించినా ఆ అంకె మారదు. ట్రెయిలర్ లాగేవారు తరచు మరచిపోయే లెక్క ఒకటి ఉన్నది. ట్రెయిలర్ బరువులో 10 నుండి 15 శాతం ట్రక్కు కొక్కెం మీద పడుతుంది; అది కూడా ఈ అంకెలో భాగమే. 5000 పౌండ్ల ట్రెయిలర్ అంటే 500 నుండి 750 పౌండ్లు. దానికి నలుగురు మనుషుల బరువు, తొట్టిలోని సామాను కలిపితే, చీటీ మీద 1400 పౌండ్లున్న ట్రక్కుకు ఇక మిగిలేది స్వల్పం. వెనుక భాగం కుంగిపోతుంటే, హద్దు లోపల ఉన్నంతవరకు, దానికి మందు స్ప్రింగుల వద్ద ఉన్నది: అదనపు పట్టీ వేయించడం, లేదా ఇరుసుకూ చట్రానికీ మధ్య గాలి తిత్తులు అమర్చడం. స్ప్రింగును ఇలా బిగువు చేసిన తరువాత దానికి తగినట్లు కొంత గట్టి షాక్ కావలసి వస్తుంది, అది సహేతుకమే. గాలి నింపి వెనుక భాగాన్ని పైకెత్తే షాకులు కూడా అమ్ముతారు. అయితే షాక్‌ను తగిలించే కొక్కేలు సాధారణంగా బండి బరువు మోయడానికి ఉద్దేశించినవి కావు గనుక ట్రెయిలర్ లాగేవారికి ఆ మార్గం మంచిది కాదు.

ఇక గ్యాస్ మాట. 'గ్యాస్ షాక్' అంటే నూనె లేనిదని చాలామంది అనుకుంటారు. నిరోధం కలిగించేది అందులోనూ నూనెయే. గ్యాస్ పని వేరు, దాన్ని అర్థం చేసుకోవడానికి సోడా బుడ్డి చాలు. వాయువులు ద్రవాలలో కరుగుతాయి. పీడనం పెరిగినకొద్దీ ఎక్కువ కరుగుతాయి. సాధారణ వాతావరణ పీడనం వద్ద ఖనిజ నూనెలో దాని ఘనపరిమాణంలో సుమారు 9 శాతం గాలి కరిగి ఉంటుంది, కంటికి కనిపించదు. పిస్టన్ వేగంగా కదిలినప్పుడు దాని ముందు పీడనం పెరుగుతుంది, వెనుక పడిపోతుంది. పడిపోయిన చోట, సోడా మూత తీసినప్పటివలె, కరిగిన గాలి బుడగలుగా బయటపడుతుంది. నురుగు పట్టిన నూనె రంధ్రాలగుండా అడ్డూ ఆపూ లేకుండా పోతుంది. బుడగలు నలుగుతాయే గాని నిరోధించవు. మట్టిరోడ్డు మీద కొన్ని మైళ్ళు పోయాక ట్రక్కు తేలిపోతున్నట్లు అనిపించడానికి ప్రధానకారణం ఈ నురుగే. లోపలి నూనెను ఎల్లవేళలా పీడనంలో ఉంచితే బుడగలు పుట్టవు. గ్యాస్ చేసే ఉపకారం అంతే.

ఆ వాయువు నత్రజనియే కావడానికి కారణం దాని జడస్వభావం. మామూలు గాలిని అంత పీడనంలో నింపితే దానితోపాటు ఆమ్లజని, నీటి ఆవిరి కూడా చేరుతాయి. వేడి నూనె ఆమ్లజనితో కలిసి ఆమ్లాలను, జిగురు పదార్థాలను పుట్టిస్తుంది. కవాటపు బిళ్ళలకు ఆ జిగురే శత్రువు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్యావేగం దాదాపు రెట్టింపవుతుందనే స్థూలసూత్రం ఇక్కడ కూడా వర్తిస్తుంది.

నిర్మాణంలో రెండు జాతులున్నాయి. జంటగొట్టాల రకంలో పిస్టన్ లోపలి గొట్టంలో తిరుగుతుంది. బయటి గొట్టం నూనెకు కొట్టువంటిది, దానిపై తక్కువ పీడనంలో నత్రజని ఉంటుంది. ఏకగొట్టపు రకాన్ని ఫ్రెంచి ఇంజనీరు డి కార్బన్ రూపొందించగా, జర్మనీకి చెందిన బిల్‌స్టైన్ కంపెనీ 1950లలో విరివిగా తయారుచేయసాగింది. ఇందులో ఒకే గొట్టం ఉంటుంది. నూనెకూ వాయువుకూ మధ్య జరిగే బిళ్ళ ఒకటి అడ్డుగా ఉంటుంది గనుక అవి కలిసే అవకాశమే లేదు. పీడనం చదరపు అంగుళానికి 300 పౌండ్ల ప్రాంతంలో ఉంటుంది. పిస్టన్ కూడా పెద్దది, సాధారణంగా 46 మిల్లీమీటర్లు. నూనె బయటి గొట్టానికే ఆనుకుని ఉండటం వలన వేడి సూటిగా గాలిలోకి పోతుంది. జంటగొట్టాల రకంలో వేడి మరొక పొర దాటవలసి ఉంటుంది.

ఏకగొట్టపు షాక్ కట్టు విప్పగానే కడ్డీ తనంతట తానే బయటికి వస్తుంది. దీన్ని చూసి 'బండి బరువును పైకెత్తుతుంది' అనుకునేవారున్నారు. పిస్టన్‌కు రెండువైపులా నూనె ఉన్నది గనుక పీడనం చూపే నికరబలం కడ్డీ అడ్డుకోత వైశాల్యం మీద మాత్రమే. అర అంగుళం వ్యాసమున్న కడ్డీకి అది సుమారు 60 పౌండ్లు. ట్రక్కు వెనుక ఒక పావు అంగుళం లేస్తే లేవవచ్చు. పదిహేను వందల పౌండ్ల సామాను ముందు అది లెక్కలోకి రాదు.

అలాగని ఏకగొట్టపు రకం సర్వోత్తమమనీ కాదు. రోడ్డు మీది రాయి తగిలి దాని గొట్టానికి సొట్ట పడితే పిస్టన్ అక్కడే ఇరుక్కుంటుంది. జంటగొట్టాల రకంలో బయటి గొట్టం సొట్టపడినా లోపలిది క్షేమంగా ఉండవచ్చు. ధరలో కూడా వ్యత్యాసం ఉన్నది. నగరంలో ఉద్యోగానికి పోయివస్తూ, నెలకొకసారి సామాను వేసే ట్రక్కుకు ఫ్యాక్టరీ బిగువుకు దగ్గరగా ఉన్న మంచి జంటగొట్టాల గ్యాస్ షాకులు చాలు. తరచు ట్రెయిలర్ లాగేవారికి, వేసవిలో అరిజోనా, టెక్సస్ ఎండలలో దూరప్రయాణాలు చేసేవారికి, మట్టిరోడ్ల మీద తిరిగేవారికి ఏకగొట్టపు రకం మీద పెట్టిన డబ్బు వృథా పోదు. ఖాళీ రోజులూ నిండు రోజులూ సమానంగా ఉన్నవారికి మరొక మార్గం, చేత్తో మర తిప్పి బిగువు మార్చుకునే షాకులు. రాంచో కంపెనీ తొమ్మిది మెట్లుగల రకాన్ని అమ్ముతున్నది. అయితే సామాను దించిన తరువాత బండి కిందికి వంగి మర వెనక్కి తిప్పే ఓపిక ఉన్నవారికే అది ప్రయోజనకరం. విడి నూనె పాత్ర తగిలించిన ఎడారి పందేల రకాలు చూడముచ్చటగా ఉంటాయిగాని, సంసారపక్షంగా బండి నడిపేవారికి అనవసరం.

చలి ప్రాంతాలవారికి నూనె గురించి రెండు మాటలు. షాక్‌లోని నూనె ఇంజన్ నూనెకంటె పలుచనిది. చలికి దాని స్నిగ్ధత పెరుగుతుంది. మిన్నెసోటా జనవరి ఉదయాన మొదటి మైలు బిగువుగా ఉండటం దోషం కాదు, కాస్త నడిచాక సర్దుకుంటుంది. వేడికి నూనె మరీ పలుచబడకుండా దానిలో పొడవైన గొలుసుల పాలిమర్ అణువులను కలుపుతారు. చల్లగా ఉన్నప్పుడు అవి ముడుచుకుని ఊరక ఉంటాయి. వేడెక్కితే విచ్చుకుని నూనె జారుడును అడ్డుకుంటాయి. అయితే ఇరుకు రంధ్రాలగుండా లక్షలసార్లు దూరి దూరి ఈ గొలుసులు తెగిపోతాయి. తెగినవి మళ్ళీ అతకవు. షాక్ ఒక్క చుక్క కారకుండా కూడా ముసలిదవుతుందని చెప్పడానికి ఇదొక కారణం. కడ్డీ చుట్టూ ఉండే రబ్బరు పట్టీ సంగతి కూడా అంతే. సామాన్యంగా వాడే నైట్రైల్ రబ్బరు వంద డిగ్రీలు దాటిన వేడిలో క్రమంగా గట్టిపడి, పగుళ్ళిచ్చి, నూనెను వదలడం మొదలుపెడుతుంది.

మార్చవలసిన సమయాన్ని ఎలా గుర్తించాలి? బండి మూలను నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగుతుందో చూసే పాత పరీక్ష పికప్‌కు అంతగా పనికిరాదు. దాని స్ప్రింగులు బలమైనవి. షాక్ పూర్తిగా చచ్చిపోతేగాని తేడా తెలియదు. 50 వేల మైళ్ళు దాటాక కిందికి వంగి చూడటం మేలు. కడ్డీ దగ్గర పలుచని తడి ఉండటం సహజమే. పట్టీ ఎండిపోకుండా ఆ తడి కావాలి. గొట్టం మీద కిందిదాకా నూనె చారలు, వాటికి అంటుకున్న దుమ్ము కనిపిస్తే మాత్రం దాని పని అయిపోయినట్లే. టైరు అంచున వరుసగా గిన్నెలవంటి పల్లాలు పడితే చక్రం ఎగురుతున్నదని అర్థం. బ్రేకు వేసినప్పుడు ముక్కు బాగా దిగడం, ట్రెయిలర్‌తో పోతుంటే ఒక గతుకు తరువాత రెండు మూడుసార్లు ఊగడం మరి రెండు గుర్తులు. ఒక్కటే పాడైనా ఒక ఇరుసుకున్న రెండింటినీ కలిపి మార్చాలి. కొత్తదొకటి, పాతదొకటి అయితే ఎడమా కుడీ వేరువేరుగా ప్రవర్తిస్తాయి.

కొనేముందు ట్రక్కు సంవత్సరం, నమూనా, రెండు చక్రాల నడకా నాలుగు చక్రాల నడకా అన్నవే కాక, ఎత్తు పెంచి ఉన్నదా అన్నది కూడా చెప్పాలి. పాతబండి కొన్నవారు దీన్ని కొలిచి చూసుకోవాలి. ఎత్తు పెంచిన ట్రక్కుకు మామూలు షాక్ బిగిస్తే చక్రం వేలాడినప్పుడు షాక్ పూర్తిగా సాగి, అదే ఇరుసును పట్టి ఆపే తాడు అవుతుంది. మరీ పొడవైనది బిగిస్తే గుంటలో అడుగంటి పగులుతుంది. బిల్‌స్టైన్ కంపెనీవారి రకాలలో 4600 మామూలు ఎత్తుకు, 5100 పెంచిన ఎత్తుకు ఉద్దేశించినవి. కొన్ని పికప్‌లలో వెనుక షాకులు ఒకటి ఇరుసుకు ముందు, ఒకటి వెనుక ఉంటాయి. అది పొరపాటు కాదు, ఇరుసు మెలి తిరగకుండా చేసిన ఏర్పాటు.

వెనుక షాకులను ఇంటి వాకిట్లో మార్చుకోవడం చేతనైన పనే. ముందువైపు, ఈనాటి తేలికరకం పికప్‌లలో చాలావాటికి, షాక్ చుట్టూ స్ప్రింగు బిగించి ఉంటుంది. బిగిసి ఉన్న ఆ స్ప్రింగు జారితే మనిషి ప్రాణం తీయగలదు. ఆ పనిని తగిన పరికరమున్న మెకానిక్కుకు అప్పగించాలి. ఆ తరువాత చక్రాల అలైన్‌మెంటు కూడా చూపించాలి. కొత్త జంటగొట్టాల షాక్‌ను బిగించేముందు నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు లాగి నొక్కితే, పడుకోబెట్టినప్పుడు లోపల చేరిన వాయువు పైకి పోతుంది. కడ్డీని పటకారుతో పట్టరాదు. దానిమీద పడిన సన్నని గీత రబ్బరు పట్టీని కోస్తుంది. కొక్కేలలోని రబ్బరు ఉక్కుకు అతికి ఉంటుంది గనుక, బండి తన చక్రాల మీద నిలిచిన తరువాతనే మరలు పూర్తిగా బిగించాలి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు ఎల్లప్పుడూ మెలిపడి ఉండి త్వరగా చిరుగుతుంది. విప్పిన పాత షాకులలో నత్రజని ఇంకా పీడనంలోనే ఉండవచ్చు. వాటిని కోయడం, వేడిచేయడం, మంటలో వేయడం కూడదు. పాత ఇనుము తీసుకునేవారికి అవి గ్యాస్ రకమని ముందే చెప్పాలి. కారిన నూనెను కాలువలో పోయక, వాడిన ఇంజన్ నూనె తీసుకునే చోట ఇవ్వాలి.